బెలూం గుహలు: పాతాళగంగ దాకా అమ్మను తీసుకెళ్లొచ్చా?

పద్మజ_హైద్
అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవులకి హైదరాబాద్ నుంచి కారులో బెలూం గుహలకి వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, ఎనిమిదేళ్ల బాబు, మా అమ్మ. అమ్మకి 67. మోకాళ్ల నొప్పులున్నాయి, బీపీ మాత్రలు వాడుతుంది. చదునుగా ఉంటే ఎంతైనా నడుస్తుంది గానీ మెట్లంటే జంకుతుంది. అయితే లోపల భూమి అడుగున గంగ పారుతోందని ఎవరో చెప్పారట. "అంత దూరం వెళ్లి పాతాళగంగ చూడకుండా వచ్చేది లేదు" అని పట్టుబట్టింది.

నెట్‌లో వెతికితే ఎర్ర లైట్లు, పసుపు లైట్ల సొరంగాల ఫొటోలే తప్ప, ఎన్ని మెట్లున్నాయి, ఎక్కడ వంగాలి, ఊపిరాడుతుందా లేదా అని రాసినవాళ్లు కనబడలేదు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. బెలూం కష్టమైతే బొర్రాకి మార్చుకోవాలా?

కొలిమిగుండ్ల_కుర్రోడు
అక్కా, మాది గుహలకి మూడు కిలోమీటర్ల దూరం. సంక్రాంతికి రావడం మంచిదే, ఎండాకాలం మాత్రం వద్దు. గుహంటే చల్లగా ఉంటుందనుకుని చాలామంది వస్తారు. బెలూంలో అట్లా ఉండదు. లోపల ఉక్క. పావుగంటకే చొక్కా ఒంటికి అంటుకుంటుంది. చలికాలంలో కూడా లోపలికి స్వెటర్ వేసుకుని రావద్దని చెప్పండి.

దారి సంగతి. గుహ కొండలో లేదు, చదును నేల కింద ఉంది. పైనుంచి చూస్తే పొలం మధ్యలో బావుల్లాంటి గుంతలు. వాటిలో నడిమి దాంట్లోకి మెట్లు కట్టారు. ఆ మెట్లు వెడల్పుగానే ఉంటాయి, పట్టుకోను కమ్మీలున్నాయి. దిగాక చాలా దూరం చదును. అమ్మ నిమ్మళంగా నడుస్తుంది. మొత్తం గుహ 3,229 మీటర్లు కొలిచారు గానీ మనల్ని పంపేది దాదాపు ఒకటిన్నర కిలోమీటరే.

ఇబ్బంది ఎక్కడంటే పాతాళగంగ దగ్గరే. అది అన్నిటికన్నా లోతు, పై నేల నుంచి 46 మీటర్లు. అక్కడికి మళ్లీ మెట్లు దిగాలి, కాళ్ల కింద తడి, పైకప్పు తక్కువ. దిగడం కంటే తిరిగి ఎక్కడమే కష్టం. మా అవ్వ కూడా దిగింది, కాదనను. కానీ మా అవ్వ ఇప్పటికీ చేలోకి పోయి కలుపు తీస్తుంది.

ఎర్రమట్టి
పద్మజ గారూ, ముందే చెప్పేస్తున్నా, తర్వాత నిరాశ పడొద్దు. "భూగర్భ నది" అని బోర్డులు చూసి నేనూ ఏదో ఊహించుకుని పోయాను. అంత ఉక్కలో చెమట కక్కుకుంటూ దిగితే అక్కడ ఉన్నది చిన్న నీటి పాయ. రాతి సందులోంచి వస్తుంది, రాతి సందులోకి పోతుంది. ఫొటో తీస్తే నీళ్లు ఉన్నట్టు కూడా తెలీదు. దీనికి నది అని పేరు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. నడక బాగుంది, గుహ బాగుంది, ఆ మాట ఒప్పుకుంటా. నది కోసమే అయితే పెద్దావిడని ఇబ్బంది పెట్టకండి.

సీమ_రోడ్లు
దారి గురించి: హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా 44వ నంబరు జాతీయ రహదారి, కళ్లు మూసుకుని వెళ్లొచ్చు (డ్రైవర్ మాత్రం తెరిచే ఉంచాలి). కర్నూలు నుంచి ఇంకో 105 కిలోమీటర్లు అటూఇటూ. బనగానపల్లె మీదుగా వెళ్తే యాగంటి దారిలోనే తగులుతుంది. ఒక్కరోజులో వెళ్లి రావాలని చూడకండి, అమ్మగారున్నారు కదా. రైల్లో వచ్చేవాళ్లు తాడిపత్రిలో దిగితే అక్కడి నుంచి 30 కిలోమీటర్లు, ఆటోలు మాట్లాడుకోవచ్చు.

సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. మూడు తర్వాత చేరితే హడావుడి. పొద్దున తెరిచిన వెంటనే లోపలుండేలా చూసుకోండి. పండగ సెలవుల్లో మధ్యాహ్నానికి స్కూలు బస్సులు దిగుతాయి, ఆ తర్వాత గుహలో వినబడేది ఈలలూ కేకలే.

రాళ్ల_మాస్టారు
ఎర్రమట్టి గారి నిరాశ అర్థమైంది, కానీ ఆయన చూడాల్సిన నదిని చూడకుండా వచ్చారని నా అభిప్రాయం. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పిన అలవాటు కొద్దీ కాస్త పొడుగ్గా రాస్తాను, విసుగొస్తే దాటేయండి.

బెలూం ఉన్నది నార్జి సున్నపురాయిలో. నార్జి కడప జిల్లాలో ఒక ఊరు, ఆ ఊరి పేరు మీదే ఈ రాతిపొరని పిలుస్తారు. మన ఇళ్లలో పరుచుకునే కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్లు చూడండి, అదే కుటుంబం. కొలిమిగుండ్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయో కూడా ఇదే చెబుతుంది. కనీసం 50 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురదే గట్టిపడి ఈ రాయి అయింది. అప్పటికి చేపలు పుట్టలేదు. అందుకే మా విద్యార్థులు ఎంత వెతికినా ఇందులో చేప ఎముకలు దొరికేవి కావు.

వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. సోడా బుడ్డిలో ఉండేదీ ఆ వాయువే, కాకపోతే ఇక్కడ చాలా పలుచన. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలోకి దిగి రాతిని కరిగిస్తుంది. వెంట్రుకంత పగులు వేలంత, వేలంత పగులు చెయ్యంత అవుతుంది. ఒక స్థాయి దాటాక నీరు ఇక ఊటలా కారదు, కాలువలా పారుతుంది. అప్పటి నుంచి గుహ పెరగడం వేగం అందుకుంటుంది.

ఇప్పుడు బెలూంలో మీరు నడిచిన దారి గుర్తు తెచ్చుకోండి. గోడలు ఎట్లా ఉన్నాయి? ఎవరో అరచేత్తో రుద్దినట్టు నునుపు. దారి నేరుగా పోదు, వంపులు తిరుగుతుంది. కొన్ని చోట్ల అడ్డకోత గుండ్రంగా, గొట్టంలా ఉంటుంది. పైకప్పు దాకా నీరు నిండి పారితేనే అట్లా వస్తుంది. అంటే ఆ ఒకటిన్నర కిలోమీటరూ మీరు నడిచింది నది అడుగున. నది కిందికి దిగిపోయింది, దాని మంచం మనకి వదిలిపెట్టింది. పాతాళగంగ ఆ వంశంలో ఇప్పుడు బతికున్న చిన్న శాఖ. చిన్నదే, కానీ ఏడాది పొడవునా పారుతుంది. అనంతపురం సరిహద్దులో, అంత తక్కువ వాన పడే చోట, ఏడాదంతా పారే నీటిని చిన్నచూపు చూడకూడదు.

చిత్రావతి ప్రవాహం వల్ల ఈ గుహలు ఏర్పడ్డాయని చాలా చోట్ల రాస్తారు. ఇప్పుడైతే చిత్రావతి అక్కడికి దూరంగా పారుతోంది. నదులు దారి మార్చుకోవడం కొత్త కాదు, దాని మీద నేను పట్టుబట్టను.

ఎర్రమట్టి
మాస్టారూ, ఇంత బాగా చెబితే ఎవరు కాదంటారు. కానీ టికెట్ కొన్న మనిషికి ఇవన్నీ చెప్పేవాళ్లు లోపల ఉండాలి కదా. గైడ్ మాకు చూపించింది "ఇది ఏనుగు తొండం, అది శివలింగం, ఇది ఆదిశేషుడు". గోడలు ఎందుకు నునుపు అని అడిగితే "దేవుడి మహిమ సార్" అన్నాడు.

కొలిమిగుండ్ల_కుర్రోడు
అన్నా, గైడ్లని ఏమీ అనకండి. జనానికి అదే కావాలి. నేను స్నేహితుల చుట్టాలని తీసుకుపోయి రాయి కరిగిన సంగతి మొదలుపెడితే, "అదంతా సరే, వేయిపడగలు ఎక్కడ?" అంటారు.

గోస్తని_తీరం
మా విశాఖ వైపు నుంచి ఒక మాట. పద్మజ గారు బొర్రా గురించి అడిగారు కదా. రెండూ సున్నపు గుహలే అయినా పోలిక లేదు. బొర్రా అనంతగిరి కొండల్లో, సముద్ర మట్టానికి 700 మీటర్ల పైన ఉంది. నోరు పెద్దది, లోపల ఆకాశమంత కప్పు. స్తంభాలు, వేలాడే రాళ్లు బెలూం కంటే చాలా ఎక్కువ. ఉక్క కూడా అంతగా ఉండదు. దారి మాత్రం ఎక్కువగా మెట్లే, తడి మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి బొర్రానే ఎక్కువ కష్టం.

నది సంగతికొస్తే, బొర్రాలో అసలైన నదే ఉంది. గోస్తని. గుహల అడుగు నుంచి వెళ్లి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా విశాఖ జనం తాగే నీళ్లలో కొంత ఆ గోస్తనిదే. ఆవు పైనుంచి గుహలో పడిందని, వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి శివలింగం కనబడిందని కథ చెబుతారు, నదికి ఆ పేరు కూడా అట్లాగే వచ్చిందంటారు. అయితే మామూలుగా వెళ్లేవాళ్లు ఆ నది పక్కన నడవరు. అది కింద ఎక్కడో తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

అక్కడికి వెళ్తే మాత్రం విశాఖ నుంచి రైల్లో వెళ్లండి. కొత్తవలస కిరండూల్ లైను గుహల మీదుగానే పోతుంది. సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లలు అరిచే అరుపులు భరించగలిగితే అంత అందమైన రైలు ప్రయాణం మన రాష్ట్రంలో మరోటి లేదు.

ఎర్రమట్టి
ఇదీ నది అంటే. చూశారా.

రాళ్ల_మాస్టారు
చూడ్డానికి వీల్లేని నది పెద్దదయితే ఏం, చిన్నదయితే ఏం ఎర్రమట్టి గారూ :)

డాన్యూబ్_పక్కన
నేను దక్షిణ జర్మనీలో ఉంటాను. పోయినేడు స్లొవేనియా వెళ్లాం, పోస్టోయ్నా, ష్కోట్స్యాన్ గుహలు రెండూ చూశాం. ఎర్రమట్టి గారు ఊహించుకున్న నది ష్కోట్స్యాన్‌లో ఉంది. రేకా అనే నది పెద్ద చప్పుడుతో కొండ కిందికి దూరిపోతుంది. గుహ లోపల దాని మీద వంతెన ఉంది, నీటికి సుమారు 45 మీటర్ల ఎత్తున. కిందికి చూస్తే నా భార్య కమ్మీ వదల్లేదు, నేను ఆమెను వదల్లేదు. 1986లో యునెస్కో జాబితాలో చేరింది. ఆ నది మళ్లీ పైకి తేలేది ఇటలీలో, సముద్రం పక్కన, తిమావో అనే పేరుతో. పోస్టోయ్నాలో అయితే గుహ లోపలికి రైలే వేశారు, 1872 నుంచి ఉంది. మొదట్లో దాన్ని మనుషులే తోసేవాళ్లట. ముసలివాళ్లని, చిన్నపిల్లల్ని తీసుకెళ్లడానికి అంత సుఖమైన గుహ ఇంకోటి ఉండదేమో. లోపల మాత్రం పది డిగ్రీల చలి. బెలూంకి సరిగ్గా వ్యతిరేకం.

నాకో సందేహం మాస్టారూ. పాతాళగంగ నీరు చివరికి ఎటు పోతుంది?

కొలిమిగుండ్ల_కుర్రోడు
ఇది నేను చెప్తా. బెలూం ఊర్లో బావి ఉంది, గుహలకి రెండు కిలోమీటర్లు. పాతాళగంగ నీళ్లు ఆ బావిలోకే వస్తాయని మా పెద్దోళ్ల మాట. చిన్నప్పటి నుంచి వింటున్నాం. పాయ పారేది కూడా ఆగ్నేయం నుంచి వాయవ్యానికి అని సార్లు చెబుతారు. నిజమో కాదో తేల్చిన మొనగాడు నాకు తెలిసి ఎవరూ లేరు. మా ఫ్రెండ్ ఒకడు బస్తా పసుపు కలిపి చూద్దాం అంటుంటాడు.

డాన్యూబ్_పక్కన
మీ ఫ్రెండుది వెర్రి ఆలోచనేమీ కాదు! మా దగ్గర సరిగ్గా ఇదే చేశారు, 1877లో. డాన్యూబ్ నది ఒక చోట సున్నపురాతి నేలలోకి ఇంకిపోతుంది. ఎండాకాలంలో చాలా రోజులు నది పూర్తిగా ఎండిపోతుంది, రాళ్ల మీద నడుచుకుంటూ అవతలికి పోవచ్చు. దక్షిణాన 12 కిలోమీటర్ల దూరంలో ఆఖ్ అనే ఊరి దగ్గర పెద్ద ఊట ఉంది. ఆ నీరే ఈ నీరా అని గొడవ. ఊట నీటి మీద ఆధారపడ్డ మిల్లుల వాళ్లకీ, ఎగువన ఉన్న వాళ్లకీ తగాదా. అప్పుడు క్నోప్ అనే భూగర్భశాస్త్రవేత్త ఇంకే చోట పది కిలోల ఫ్లోరెసిన్ రంగు కలిపాడు, ఉప్పు కూడా టన్నులకొద్దీ. రెండున్నర రోజులకి ఊట నీరు మెరిసే ఆకుపచ్చగా వచ్చింది. డాన్యూబ్ నల్ల సముద్రానికి పోయే నది, ఆఖ్ నీరు రైన్ నదిలో కలిసి ఉత్తర సముద్రానికి పోతుంది. ఒకే నది నీళ్లు రెండు సముద్రాలకి పంచుకున్నట్టు తేలింది.

రాళ్ల_మాస్టారు
చక్కటి ఉదాహరణ. ఆ పద్ధతినే ఇప్పటికీ సున్నపురాతి ప్రాంతాల్లో వాడతారు, రంగు మాత్రం కంటికి కనబడనంత తక్కువ కలిపి, పరికరంతో కొలుస్తారు. బెలూంలో కూడా చేయదగిన పనే. రెండు కిలోమీటర్లు ఏమంత దూరం కాదు.

పసుపు మాత్రం వద్దు నాయనా. అది నీటిలో కరగదు, మొదటి మలుపులోనే అడుగున కూర్చుంటుంది. పైగా నిజంగా బావికి చేరిందనుకో, ఆ ఊరివాళ్లు బిందె ముంచితే ఏమంటారు? సున్నపురాతి నేలలో ఇదే పెద్ద చిక్కు. ఇసుక నేలలో నీరు వడపోసుకుంటూ మెల్లగా దిగుతుంది. ఇక్కడ గొట్టంలో పోయినట్టు పోతుంది. పైన ఏది పోస్తే అది కింద బావిలో తేలుతుంది, మురికైనా, పురుగుమందైనా.

బెలూం గుహల్నే 1988 దాకా చుట్టుపక్కలవాళ్లు చెత్త పడేయడానికి వాడేవారని మరిచిపోవద్దు. నేల మీద గుంత కనబడితే చెత్త పోయడం మనకి అలవాటే. కింద నీరు పారుతోందన్న సంగతి ఎవరికి తోస్తుంది? ఆ ఏడాదే ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. స్థానిక పెద్దలు ఏళ్ల తరబడి తిరగ్గా తిరగ్గా 1999లో పర్యాటక సంస్థ చేతికి వచ్చింది. దారులు, లైట్లు, గాలి కోసం పైకి బొరియలు వేసి 2002లో జనానికి తెరిచారు. ఇవాళ మనం ఊపిరాడుతుందా అని మాట్లాడుకుంటున్నామంటే ఆ బొరియల వల్లే.

పద్మజ_హైద్
అమ్మో, ఒక ప్రశ్న అడిగితే పాఠమే వచ్చింది. చాలా థాంక్స్ మాస్టారూ. అమ్మకి చదివి వినిపించాను. "నది మంచం మీద నడుస్తామన్నమాట" అని ఒకటే సంబరం. ఇప్పుడు ఇంకా గట్టిగా వెళ్లాలంటోంది!

ఊపిరి విషయం ఇంకొంచెం చెప్పగలరా? ఆమెకి ఆస్తమా లేదు గానీ గాలి ఆడకపోతే టెన్షన్ పడుతుంది, దాంతో బీపీ.

నర్సమ్మ_కడప
పద్మజా, నేను నర్సుని. బెలూం కూడా చూశాను కాబట్టి చెబుతున్నా. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు గాలి కంటే చెమటే పెద్ద సమస్య. ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, గుండె వేగం పెరుగుతుంది. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయించే రకం ఉంటే కళ్లు తిరిగే అవకాశం ఇంకా ఎక్కువ. అమ్మ వాడేది అదేనా అని మీ డాక్టర్ని ఒక్కసారి అడగండి. మాత్ర సొంతంగా మానేయడం లాంటివి చేయకండి.

పొద్దున తేలిగ్గా తినిపించండి, ఖాళీ కడుపుతో వద్దు. నూలు బట్టలు. చీర అయితే కుచ్చిళ్లు పైకి దోపుకోవాలి, తడి మెట్ల మీద కాలికి తగులుతాయి. చెప్పులు కాదు, వెనక పట్టీ ఉన్నవి, అడుగు జారనివి వేయండి. లోపల కాస్త వెడల్పు చోటు రాగానే, గాలి బొరియ కింద, నిలబడి ఊపిరి తీసుకోమనండి. గాలి తగిలితే తెలుస్తుంది. తల తిరిగినట్టు, గుండె దడగా అనిపిస్తే "ఇంకొంచెమే ఉంది" అని బతిమాలకండి, వెనక్కి తిప్పండి. మనవాళ్లు పిల్లలు బాధపడతారని నోరు విప్పరు. అదీ భయం.

బాబు విషయం: వాడికి ఏమీ కాదు. వాణ్ణి పట్టుకోవడమే మీ పని. తల పైకప్పుకి తగలని మనిషి ఆ గుంపులో వాడొక్కడే.

సీమ_రోడ్లు
నర్సమ్మ గారి మాటకి ఒకటి కలుపుతా. గైడ్‌ని పెట్టుకుంటే ముందే చెప్పండి, "పెద్దావిడ పాతాళగంగ దగ్గర పైన ఆగుతారు" అని. ఎవరో ఒకరు తోడుండాలి. మీరు దిగి వీడియో తీసి పైకొచ్చి చూపిస్తే సగం కోరిక తీరుతుంది.

కొలిమిగుండ్ల_కుర్రోడు
లోపల ఏది ఎక్కడుందో కూడా చెప్పేస్తా. దిగాక సింహద్వారం, రాయి సింహం తల మాదిరి తోరణంగా ఉంటుంది. పిల్లిద్వారం అని కూడా అంటారు. కోటిలింగాలు అనే చోట పైనుంచి దిగిన రాళ్లన్నీ లింగాల్లా ఉంటాయి, ఒకటి పైదీ కిందిదీ కలిసిపోయి పెద్ద స్తంభం అయింది. వేయిపడగలు నాకు అన్నిటికన్నా ఇష్టం. కప్పు మొత్తం పాము పడగలు విప్పినట్టు. మర్రిచెట్టు హాలులో పైనుంచి ఊడలు దిగినట్టుంటుంది. ధ్యానమందిరంలో రాతి పడక, తలగడ ఉంటాయి, మునులు ఉండేవారంటారు. బౌద్ధులు, జైనులు ఇక్కడ ఉన్నారన్నది మాత్రం ఉత్త కథ కాదు, పాత కుండలు, వస్తువులు దొరికాయి. అందుకే బయట పెద్ద బుద్ధుడి విగ్రహం పెట్టారు. సప్తస్వరాల గుహ 2006లో తెరిచారు, రాళ్ల మీద తడితే గంట మోగినట్టు మోగుతాయి.

రాళ్ల_మాస్టారు
ఆ తట్టడం గురించే నా మొర. పద్మజ గారూ, బాబుకి ముందే చెప్పండి. పైనుంచి దిగిన ఆ రాయి ఒక్కొక్క చుక్కతో పెరిగింది. చుక్క కప్పు నుంచి వేలాడేటప్పుడు దానిలోని వాయువు గాలిలోకి పోతుంది, అప్పుడు కరిగిన సున్నం నీటిలో నిలవలేక పొరగా అతుక్కుంటుంది. వేల ఏళ్ల పని. వచ్చిన ప్రతివాడూ కర్రతోనో వేళ్లతోనో మోగించి చూస్తే ఎన్నాళ్లుంటుంది? చేత్తో ముట్టుకున్నా మన చర్మం మీది నూనె అంటుకుని ఆ చోట సున్నం పట్టడం ఆగిపోతుంది. మోగే రాయిని చూడాలనిపిస్తే గైడ్ ఒకసారి మోగిస్తే వినండి, చాలు. నన్నడిగితే అది కూడా ఆపేయాలి.

ఎర్రమట్టి
ఈ విషయంలో మాస్టారితో నూటికి నూరుపాళ్లు. ఇంకా ఆ రంగు లైట్లు! సహజంగా నల్లగా, బూడిద రంగులో ఎంతో గంభీరంగా ఉండే రాయి మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఎందుకు? పెళ్లి పందిరిలా చేశారు.

గోస్తని_తీరం
బొర్రాలోనూ అంతే. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి, ఆ రంగుల ఫొటోలు చూసే సగం మంది వస్తున్నారు. తెల్ల లైటు పెడితే పిల్లలు పది నిమిషాల్లో "ఇంటికి పోదాం" అంటారు.

రాళ్ల_మాస్టారు
రంగు కంటే లైటు ఎంతసేపు వెలుగుతోందన్నది పెద్ద ప్రశ్న. వెలుతురు, తేమ రెండూ ఉన్న చోట పాచి పడుతుంది. గుహల్లో దీపాల చుట్టూ ఆకుపచ్చ మరకలు కనబడితే అదే. ఆ పాచి రాతిని తింటుంది. ఫ్రాన్సులో లాస్కో గుహని 1963లో జనానికి మూసేశారు. అక్కడి ఆదిమానవుల బొమ్మలు జనం ఊపిరికి, లైట్లకి పాడవడం మొదలైంది. మన దగ్గర మనుషులు లేనప్పుడు ఆరిపోయే లైట్లు పెడితే చాలు, కరెంటు బిల్లూ తగ్గుతుంది.

డాన్యూబ్_పక్కన
బెలూం మ్యాపు గీసింది కూడా జర్మన్లే అని ఎక్కడో విన్నాను, నిజమేనా?

రాళ్ల_మాస్టారు
నిజమే. మొదట 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు. ఆయన అప్పటి భూగర్భ సర్వే శాఖలో పనిచేసేవాడు, మద్రాసు దగ్గర పల్లావరంలో రాతియుగపు గొడ్డలిని గుర్తించింది ఆయనే. అదే రోజుల్లో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో కూడా ఆయన, ఆయన కొడుకు తవ్వి పాత జంతువుల ఎముకలు తీశారు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు బెలూంని పట్టించుకున్నవాడు లేడు. 1982 నుంచి 84 మధ్య డానియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపల పాకి, కొలిచి, పటం గీసింది. లైట్లు లేని, గాలి బొరియలు లేని, చెత్త నిండిన గుహ అది. మనం కమ్మీలు పట్టుకుని నడిచే చోట వాళ్లు మోకాళ్ల మీద పాకారు.

దేశంలో అంతకంటే పొడవైన గుహలు మేఘాలయలో ఉన్నాయి. మైదాన ప్రాంతాల్లో, జనం చూసేందుకు తెరిచినవాటిలో మాత్రం బెలూందే మొదటి స్థానం అంటారు.

నిర్వాహకుడు
గండికోట, యాగంటి హోటళ్ల గురించి అడుగుతూ వచ్చిన నాలుగైదు పోస్టుల్ని "సీమ యాత్రలు" దారానికి మార్చాను. ఇక్కడ గుహ గురించే మాట్లాడుకుందాం. చిత్రావతి మీద పాత గొడవ మళ్లీ మొదలుపెట్టొద్దని ఇద్దరికి (ఎవరో వాళ్లకి తెలుసు) మనవి.

సీమ_రోడ్లు
నిర్వాహకుడు గారు తిట్టకముందే ఒక్క ముక్క. పద్మజ గారూ, అమ్మగారికి భూమిలోంచి వచ్చే నీరే ముఖ్యమైతే, మెట్లు దిగకుండా చూసే చోట్లు దారిలోనే ఉన్నాయి. యాగంటిలో కోనేరు ఉంది, కొండలోంచి నీరు వస్తూనే ఉంటుంది. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడిలో లింగం అడుగున ఊట ఉంది. ఆ గుడి శిల్పం చూస్తే బెలూం మరిచిపోతారు, పిల్లాడు కూడా.

ఎర్రమట్టి
యాగంటి చెబితే బసవన్న పెరుగుతున్నాడని కూడా చెప్పాలి, లేకపోతే పాపం.

పద్మజ_హైద్
అందరికీ పెద్ద థాంక్స్. తేల్చుకున్నది ఇదీ. మొదటి రోజు యాగంటి చూసి రాత్రికి ఆ చుట్టుపక్కలే ఉంటాం. రెండో రోజు పొద్దున్నే బెలూం. అమ్మ చదును దారంతా నడుస్తుంది, పాతాళగంగ మెట్ల దగ్గర నేను తనతో ఆగిపోతాను, బాబూ వాళ్ల నాన్నా దిగుతారు. డాక్టర్‌తో మాట్లాడాం. నర్సమ్మ గారు చెప్పిన రకం మాత్రే వాడుతోందట, నీళ్లు బాగా తాగించమన్నారు. సాయంత్రం తాడిపత్రి.

అమ్మ ఒక షరతు పెట్టింది. పాతాళగంగ నీళ్లు చిన్న సీసాలో తెచ్చి తన మీద చల్లాలట. లోపల నీళ్లు పట్టుకోనిస్తారా? పూజకి వాడొచ్చా?

కొలిమిగుండ్ల_కుర్రోడు
చల్లుకోవడానికైతే పర్వాలేదక్కా, గైడ్‌ని అడిగి పట్టుకోమనండి. తాగొద్దు. ఖాళీ సీసా మాత్రం అక్కడ వదిలేసి రావద్దని బావగారికి చెప్పండి. వచ్చే ముందు రోజు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, వానలు పడి లోపల ఎక్కడైనా ఆపేశారేమో కనుక్కుని చెప్తా. తాగే నీళ్లు బయటే కొనుక్కోండి, మనిషికి లీటరు లెక్కన.

నర్సమ్మ_కడప
మనిషికి లీటరు చాలదు, అమ్మకి ఇంకో సీసా మజ్జిగ పట్టుకెళ్లండి. ఉప్పు వేసి. అయితే బీపీ ఉంది కదా, చిటికెడే.